ఎస్‌యూవీ, రెండో బ్రాంచి, ఎస్‌బీఏ లోన్: ‘ఈ ఏడాదే కొనేయాలి’ అన్న తొందర అక్కర్లేదు

ప్రశ్న: నమస్కారం సర్. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఏడేళ్లుగా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. కంపెనీ (ఎల్‌ఎల్‌సీ) నా ఒక్కడి పేరు మీదే ఉంది. ఖర్చులన్నీ పోను ఏడాదికి 1,10,000 డాలర్ల దాకా మిగులుతోంది. మా ఆవిడ ఒక ఫార్మసీలో పనిచేస్తుంది, జీతం 70 వేలు, ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ అక్కడి నుంచే. ఇద్దరు పిల్లలు. మేమిద్దరం సిటిజన్లమే. ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకి తోడ్పడే ఫెడరల్ సంస్థ) లోన్ తీసుకుని పక్క ఊళ్లో రెండో బ్రాంచి పెడదామనుకుంటున్నాం. హెచ్-1బి మీద ఉన్న నా ఫ్రెండ్ 20 శాతం వాటాకి డబ్బు పెడతానంటున్నాడు. కొత్త చట్టం వచ్చాక బిజినెస్‌కి ఏది కొన్నా మొత్తం టాక్స్‌లో ఖర్చుగా రాసేసుకోవచ్చని, పెద్ద ఎస్‌యూవీ కొంటే ఊరికే వచ్చినట్టేనని మా వాట్సాప్ గ్రూపులో అంటున్నారు. 75 వేలకి ఒకటి చూసి పెట్టుకున్నాను. ఈ ఏడాది దాటితే లాభం ఉండదంటున్నారు. మళ్లీ గవర్నమెంట్ షట్‌డౌన్ అయితే లోన్ ఏమవుతుందోనన్న టెన్షన్ ఒకటి. బ్రాంచి మొదలయ్యాక మా ఆవిడ ఉద్యోగం మానేసి నాకు తోడుగా వస్తానంటోంది. ఇంకో మాట, ఐటీ కంపెనీ నడిపే మా బావమరిదికి పాత టాక్స్ వెనక్కి వస్తుందట, నిజమేనా? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: ఏడేళ్లు ఒక టిఫిన్ సెంటర్‌ని నిలబెట్టారంటే మీ కష్టం ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే ముందుగా ఆ ఎస్‌యూవీ సంగతి తేల్చేద్దాం. మిగతా ప్రశ్నలన్నింటికీ జవాబు దాని చుట్టూనే తిరుగుతుంది.

గ్రూపులో అంటున్నదానికి ఒక ఆధారం ఉంది. 2017 నాటి పన్ను చట్టం వల్ల, వ్యాపారానికి కొన్న సామాను ఖరీదు మొత్తాన్ని కొన్న ఏడాదే ఖర్చుగా చూపే వీలు కలిగింది. దీన్నే బోనస్ డిప్రిసియేషన్ అంటారు. తర్వాత అది 2023లో 80 శాతానికి, 2024లో 60కి, 2025 మొదట్లో 40కి దిగింది. ఏటా డిసెంబర్‌లో ‘ఇప్పుడే కొనండి, వచ్చే ఏడాది తగ్గిపోతుంది’ అని అప్పట్లో మేమూ చెప్పాం, అమ్మేవాళ్లూ చెప్పారు. అప్పుడది నిజం. కానీ 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్ చట్టం, 2025 జనవరి 19 తర్వాత కొన్న సామానుకి మళ్లీ 100 శాతం ఇచ్చింది. ఈసారి గడువేమీ పెట్టలేదు. ఈ ఏడాది కొన్నా, వచ్చే ఏడాది కొన్నా, రెండేళ్ల తర్వాత మీకు నిజంగా అవసరమైనప్పుడు కొన్నా అదే 100 శాతం. కాంగ్రెస్ రేపు మళ్లీ మార్చదని ఎవరూ రాసివ్వలేరు. కానీ ఇవాళ్టి చట్టంలో మాత్రం ఆ తొందర లేదు. మీకు గడువు చెబుతున్నవాళ్లు పాత చట్టం మాట చెబుతున్నారు.

ఇక ‘ఊరికే వచ్చినట్టే’ అన్న మాట. మీరిచ్చిన అంకెలతోనే 2026కి లెక్క వేశాను. పిల్లల క్రెడిట్ రెండు వైపులా ఒకటే కాబట్టి కలపలేదు. ఎస్‌యూవీ కొనకపోతే మీ ఇద్దరి ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ సుమారు 15,700 డాలర్లు, మీ సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ (సొంత వ్యాపారులు కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను) సుమారు 15,500. ఎస్‌యూవీ కొని, దాన్ని నూటికి నూరు పాళ్లు వ్యాపారానికే వాడి, 75 వేలూ రాసేస్తే ఇన్‌కమ్ టాక్స్ 7,200 దగ్గరికి, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 4,900 దగ్గరికి వస్తుంది. మొత్తం మిగిలింది 19 వేలు. మిగతా 56 వేలు మీ జేబులోంచే పోతాయి. లోన్ మీద తీసుకుంటే దానికి వడ్డీ అదనం.

ఈ లెక్కలో ఎవరూ చెప్పనిది ఒకటుంది. మీలాంటి చిన్న వ్యాపారుల లాభంలో 20 శాతాన్ని పన్ను నుంచి మినహాయించే క్యూబీఐ డిడక్షన్ 2025తో ముగిసిపోవాల్సింది. కొత్త చట్టం దాన్ని శాశ్వతం చేసింది. (కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ 23 శాతం చేయాలంది, చివరికి 20 దగ్గరే ఆగింది. గ్రూపుల్లో ఇంకా 23 అని కనిపిస్తే నమ్మకండి.) ఆ 20 శాతం లెక్కించేది లాభం మీద. ఎస్‌యూవీ ఖరీదుతో లాభాన్ని మీరే కిందికి దించేస్తే ఈ మినహాయింపు కూడా దిగిపోతుంది. కొనకపోతే మీకు 20,400 డాలర్ల దాకా వచ్చే మినహాయింపు, కొంటే 6,500కి పడిపోతుంది. ఏమీ కొనకుండానే వచ్చే మినహాయింపును వదులుకుని, డబ్బు పెట్టి కొనాల్సిన మినహాయింపు వెంట పడుతున్నారన్నమాట.

బండికి వేరే షరతులు కూడా ఉన్నాయి. 6,000 పౌండ్లు దాటిన బరువు రేటింగ్ (లోడుతో కలిపి బండికి తయారీదారు చెప్పే గరిష్ఠ బరువు) ఉండాలి. వాడకంలో సగానికి మించి వ్యాపారానికే అయి ఉండాలి, ఆ వ్యాపార శాతం మేరకే రాసుకోవాలి. ఇంటి నుంచి రెస్టారెంట్‌కి వెళ్లి రావడం వ్యాపార వాడకం కిందికి రాదు, అది కమ్యూట్. హోల్‌సేల్ స్టోర్‌కి, కేటరింగ్ డెలివరీకి, బ్యాంకుకి తిరిగిన మైళ్లు వస్తాయి, అదీ తేదీ, మైళ్లు, పని రాసిన లాగ్ ఉంటేనే. తర్వాతి ఏళ్లలో ఆ వాడకం సగానికో, అంతకంటే కిందికో వస్తే రాసుకున్నదాంట్లో కొంత మళ్లీ ఆదాయంగా చూపాల్సి వస్తుంది. పిల్లల్ని స్కూల్‌కి, క్రికెట్‌కి దించే బండి మీదైతే, దీన్ని వ్యాపారంలోకి లాగకండి. మీ కేటరింగ్‌కి నిజంగా వ్యాన్ కావాలంటే ఆ లెక్క వేరు, అప్పుడు సంతోషంగా కొనండి.

రెండో బ్రాంచి సామాను విషయంలో మాత్రం ఈ చట్టం మీకు మేలు చేస్తుంది. దోశ పెనం, టిల్టింగ్ గ్రైండర్, వాకిన్ కూలర్, టేబుళ్లు, కుర్చీలు అన్నీ మొదటి ఏడాదే రాసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌వైనా సరే, బంధువులో మీ సొంత కంపెనీయో కాకుండా బయటివాళ్ల దగ్గర కొంటే అదే 100 శాతం. మూతపడిన రెస్టారెంట్ల సామాను వేలంలో అందుబాటు ధరకి దొరుకుతుంది. కొత్తదానికి 60 వేలు పెట్టే బదులు అక్కడ సగం ధరకి తెచ్చుకుంటే, టాక్స్ ఆదా తగ్గినా చేతిలో మిగిలే డబ్బు పెరుగుతుంది. అద్దె జాగాలో లోపల చేయించే గోడలు, ఫ్లోరింగ్, సీలింగ్, ప్లంబింగ్, వైరింగ్ లాంటి పనులు కూడా సాధారణంగా దీని కిందికే వస్తాయి, ఆ బిల్డింగ్ అంతకుముందే వాడకంలో ఉన్నదైతే. కప్పు మీద పెట్టే ఏసీ యూనిట్ మాత్రం ఈ లోపలి పనుల లెక్కలోకి రాదు. దాన్ని సెక్షన్ 179 (సామాను ఖరీదుని కొన్న ఏడాదే ఖర్చుగా చూపనిచ్చే ఇంకో నిబంధన) కింద చూపాలి. ఆ సెక్షన్ పరిమితిని కొత్త చట్టం 25 లక్షల డాలర్లకి పెంచింది, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కాంట్రాక్టర్ ఇచ్చే బిల్లులో ఇవన్నీ ఒకే గంపగుత్త అంకెగా కాకుండా విడివిడిగా రాయించుకోండి. మీ సీపీఏకి (టాక్స్ అకౌంటెంట్‌కి) అదే సగం పని.

ఒక అనుభవం చెప్పాలి. 2022 డిసెంబర్‌లో నా క్లయింట్ ఒకాయన రెండో రెస్టారెంట్ కోసం సామానంతా ఒకేసారి కొనేశారు, ఏడాది దాటితే 100 కాస్తా 80 అయిపోతుందని. ఫిబ్రవరిలో నన్ను తీసుకెళ్లి చూపించారు. స్టోరేజ్ యూనిట్ షట్టర్ ఎత్తితే, కూలర్ ప్యానెళ్లు ప్లాస్టిక్ కూడా విప్పకుండా గోడకి ఆనించి ఉన్నాయి. గ్రైండర్ కాళ్లకి ఇంకా థర్మాకోల్ అంటుకునే ఉంది. సిటీ పర్మిట్ రాలేదు, హోటల్ మొదలు కాలేదు. ఆయన అప్పటికే 2022 రిటర్న్‌లో మొత్తం రాసేశారు. డబ్బు కట్టినంత మాత్రాన సరిపోదు, సామాను దాని జాగాలో వాడకానికి సిద్ధంగా ఉండాలి. చట్టంలో లెక్క ఆ రోజు నుంచే. హోటల్ తెరిచింది 2023 మే నెలలో. రిటర్న్ సవరించి, తగ్గించి కట్టిన టాక్స్ వడ్డీతో సహా కట్టి, చివరికి 80 శాతమే రాసుకున్నారు. అయిదు నెలల స్టోరేజ్ అద్దె వేరే. ఆ షట్టర్ ముందు ఆయన మొహం నాకింకా గుర్తే. మీకు శాతం తగ్గే భయం ఇప్పుడు లేదు. కాబట్టి పర్మిట్, లోన్, లీజు మూడూ చేతికొచ్చాకే ఆర్డర్ పెట్టండి.

లోన్ దగ్గరికొద్దాం. ఎస్‌బీఏ తన చేత్తో మీకు డబ్బివ్వదు. బ్యాంకు ఇచ్చే 7(ఎ) లోన్‌కి పూచీ పడుతుంది. లోన్ లక్షన్నర డాలర్ల లోపైతే 85 శాతానికి, అంతకు మించితే 75 శాతానికి. ఆ పూచీ పడే అధికారం కాంగ్రెస్ ఇచ్చే నిధుల చట్టంతో ముడిపడి ఉంది. నిధులు ఆగితే కొత్త ఆమోదాలు ఆగుతాయి. 2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా 43 రోజులు ఇదే జరిగింది. అంతకుముందు 2018 డిసెంబర్ నుంచి 2019 జనవరి దాకా 35 రోజులు. అప్పటికే ఎస్‌బీఏ లోన్ నంబర్ వచ్చినవాళ్లకి బ్యాంకులు డబ్బు విడుదల చేయగలిగాయి. ఫైలు బల్ల మీద ఉండి నంబర్ రానివాళ్లు మాత్రం ఆగిపోయారు. అంటే మీరు కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ నంబర్ వచ్చే రోజు. ఫెడరల్ ప్రభుత్వానికి ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది, గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. ఆ లోపే నంబర్ చేతికొచ్చేలా మూడేళ్ల టాక్స్ రిటర్న్‌లు, ఈ ఏడాది లాభనష్టాల పట్టీ, కాంట్రాక్టర్ కొటేషన్లు ఇప్పుడే లెండర్‌కి అందించండి.

నాకు అసలు భయం షట్‌డౌన్ గురించి కాదు, లీజు గురించి. లోన్ ఆలస్యమైతే మనసు కష్టపడుతుంది, అంతే. కానీ పర్సనల్ గ్యారంటీతో అయిదేళ్ల లీజు మీద సంతకం పెట్టాక లోన్ ఆలస్యమైతే, తలుపు తెరవని హోటల్‌కి అద్దె కట్టాలి. ‘ఫలానా తేదీ లోపు లోన్ మంజూరు కాకపోతే లీజు రద్దు, అడ్వాన్స్ వాపస్’ అన్న క్లాజ్ లేకుండా సంతకం పెట్టకండి. ఓనర్ ఒప్పుకోకపోతే, పనులు పూర్తయ్యేదాకా అద్దె ఉండకూడదని అడగండి. రెండూ కాదంటే ఆ జాగా వదిలేయండి. షాపింగ్ సెంటర్లు డాలస్ చుట్టూ ఇంకా కడుతూనే ఉన్నారు.

మీ ఫ్రెండ్ వాటా విషయంలో ఏ సందేహమూ లేదు, వద్దు. ఇదివరకు 51 శాతం వాటా సిటిజన్లలాంటి అర్హుల చేతిలో ఉంటే సరిపోయేది. 2025లో ఎస్‌బీఏ ఆ నిబంధన మార్చింది, యజమానులందరూ, అంటే 100 శాతం, అర్హులే అయి ఉండాలి. హెచ్-1బి మనిషికి 20 శాతం రాసిస్తే మీ ఇద్దరి సిటిజన్‌షిప్ ఉండి కూడా అప్లికేషన్ మొత్తం పోతుంది. (గ్రీన్ కార్డ్ ఉన్న పాఠకులు కూడా అప్లై చేసే ముందు, ఆ రోజుకి నిబంధన ఏమిటో లెండర్‌ని అడగండి. ఇవి చట్టం కాదు, ఎస్‌బీఏ తనే మార్చుకునే నియమాలు.) ‘కాగితం మీద వద్దు, మన మధ్య మాటగా ఉంచుకుందాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోన్ ఫారంలో యజమానుల గురించి అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. అది మీ మెడకీ, అతని వీసాకీ కూడా చుట్టుకుంటుంది. స్నేహితుడి డబ్బు తప్పదనుకుంటే అప్పుగా తీసుకోండి, నోటు రాసుకోండి, లెండర్‌కి ముందే చెప్పండి.

ఎస్‌యూవీ వద్దనడానికి ఇక్కడ ఇంకో కారణం ఉంది. లోన్ ఇచ్చేవాళ్లు మీ లాభానికి డిప్రిసియేషన్‌ని తిరిగి కలిపి చూస్తారు, కాబట్టి రాసుకున్న ఖర్చు వల్ల పెద్ద నష్టం లేదు. కానీ ప్రతి నెలా కట్టే బండి వాయిదాని మాత్రం తీసేసి చూస్తారు. రెండో బ్రాంచికి రావాల్సిన లోన్‌ని ఆ వాయిదా తినేస్తుంది.

స్టాఫ్ గురించి మీరు అడగలేదు, కానీ జీతాలిచ్చే మనిషిగా ఇది తెలియాలి. టిప్పుల మీద టాక్స్ లేదు అని జనం అంటున్నది మీ సర్వర్ల సొంత రిటర్న్‌లో 2025 నుంచి 2028 దాకా దొరికే మినహాయింపు, ఏడాదికి 25 వేల దాకా. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ మాత్రం టిప్పుల మీద ఎప్పటిలాగే పట్టుకోవాలి, మీ వాటా 7.65 శాతం మీరూ కట్టాలి. ఫంక్షన్ ఆర్డర్లకి మీరే బిల్లులో వేసే 18 శాతం సర్వీస్ ఛార్జి టిప్ కాదు, దానికి ఈ మినహాయింపు రాదు. ఇది ముందే చెప్పకపోతే ఏప్రిల్‌లో టాక్స్ వేసేటప్పుడు సర్వర్లు మీ మీదికే వస్తారు. ఓవర్‌టైం కూడా అంతే, ఒకటిన్నర రెట్లలో ఆ పైన ఇచ్చే సగం భాగానికే మినహాయింపు. 2026 నుంచి డబ్ల్యూ-2లో (ఉద్యోగి జీతం చూపే ఫారంలో) ఈ రెండూ విడిగా చూపాలి కాబట్టి పేరోల్ కంపెనీతో ఇప్పుడే మాట్లాడండి. బయటివాళ్లతో చేయించుకున్న పనికి 1099 (వాళ్లకి ఇచ్చిన డబ్బు చూపే ఫారం) ఇవ్వాల్సిన పరిమితి 600 నుంచి 2,000 డాలర్లకి పెరిగింది, ఆ మేరకు కాగితం పని తగ్గింది.

మీ బావమరిది విన్నది నిజమే, కానీ సగం. 2022 నుంచి సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చుని ఒకే ఏడాది రాసుకోనివ్వకుండా, అమెరికాలో చేసిన పనైతే అయిదేళ్లకి, బయట చేసిన పనైతే పదిహేనేళ్లకి పరచాలన్నారు. చేతిలో లాభం లేకపోయినా టాక్స్ కట్టిన చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి, నా క్లయింట్లలో ఇద్దరు అప్పు చేసి కట్టారు. కొత్త చట్టం అమెరికాలో చేసిన పనికి ఈ బాధ తీసేసింది. సగటు రాబడి ఏడాదికి 3.1 కోట్ల డాలర్లు మించని కంపెనీలు 2022 నాటి రిటర్న్‌ల దగ్గర్నుంచి సవరించుకుని కట్టింది వెనక్కి అడగవచ్చు, గడువు 2026 జులై 6. అయితే హైదరాబాద్ ఆఫీసులో చేయించిన పనికి పదిహేనేళ్ల నిబంధన అలాగే ఉంది. ఏ ప్రాజెక్టు గంటలు ఎక్కడ పడ్డాయో విడదీయకుండా రీఫండ్ అడిగితే చిక్కుల్లో పడతారు. వాళ్లు చేసేది సొంత సాఫ్ట్‌వేర్ కాకుండా మనుషుల్ని క్లయింట్ల దగ్గర పెట్టే పనే అయితే, ఈ నిబంధన వాళ్లకి అసలు వర్తిస్తుందో లేదో కూడా ముందు చూసుకోవాలి.

చివరిగా మీ ఆవిడ ఉద్యోగం. నన్నడిగితే మీ ఉత్తరంలో అన్నింటికంటే ఖరీదైన నిర్ణయం ఇదే. ఆవిడ మానేస్తే ఇంటిల్లిపాదికీ ఉన్న ఇన్సూరెన్స్ పోయి, ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో మీరే సొంతంగా కొనుక్కోవాలి. కరోనా కాలంలో పెంచిన మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్ సబ్సిడీలు 2025 చివరితో ముగిశాయి. ఆ 43 రోజుల షట్‌డౌన్ గొడవంతా వాటి గురించే. ఇప్పుడు పాత పద్ధతి మళ్లీ వచ్చింది. నలుగురున్న కుటుంబానికి 2026లో ఆదాయం 1,28,600 డాలర్లు దాటితే సబ్సిడీ సున్నా. కొంచెం దాటినా సున్నాయే. పైగా 2026 నుంచి, ముందుగా వాడేసుకున్న సబ్సిడీ ఎక్కువైతే మొత్తం తిరిగి కట్టాలి, ఇదివరకు ఉన్న పరిమితిని కొత్త చట్టం తీసేసింది. ఆవిడ మానేశాక మొదటి హోటల్ 1,10,000, రెండోది ఓ 30 వేలు తెచ్చిందనుకోండి, మీరు ఆ గీత దాటినట్టే. సామాను ఖర్చు రాసుకున్న ఏడాది ఆదాయం తక్కువ కనిపించి సబ్సిడీ వస్తుంది, మరుసటి ఏడాది ఉన్నట్టుండి పోతుంది. అప్పుడు నలుగురి ప్రీమియం మొత్తం మీదే. కట్టిన ప్రీమియాన్ని సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా ఆదాయం నుంచి తీసుకోవచ్చు, అందువల్ల గీతకి దగ్గర్లో ఉన్నవాళ్లు కొందరు కిందికి రాగలరు. కానీ ప్రతి డాలర్‌నీ అలా చూసుకుంటూ బతకడం కష్టం.

లెండర్ కూడా ఆవిడ జీతాన్ని చూసి ధైర్యం చేస్తాడు. కొత్త బ్రాంచి మొదటి నెలల్లో నష్టపోయినా ఇంటి అద్దె, స్కూలు ఖర్చు ఆ జీతంలోంచి నడుస్తాయి. ఆవిడ సాయం కావాలంటే శనాదివారాలు కౌంటర్ దగ్గర, రాత్రి అకౌంట్ల దగ్గర తీసుకోండి. బ్రాంచి తెరిచాక వరసగా ఆరు నెలలు దాని అద్దె, జీతాలు, లోన్ వాయిదా దానంతట అదే కట్టుకుంటే, అప్పుడు మీ ఇద్దరూ కూర్చుని ఆ నెల వచ్చిన ప్రీమియం కొటేషన్ ముందు పెట్టుకుని రాజీనామా మాట మాట్లాడుకోండి. ఆ లోపు ఆవిడని ఆ ఉత్తరం రాయనివ్వకండి.